క్షమాపణ దొరికింది, మరి విడుదల ఏది?

రాత్రి పడుకునే ముందు మోకాళ్ళ మీద పడి "ప్రభువా, ఇదే ఆఖరిసారి" అని ఏడ్చినవాళ్ళకి నేను చెప్పబోయే ఇబ్బంది ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ప్రార్థన మనస్ఫూర్తిగానే చేసి ఉంటారు. అయినా వారం తిరక్కుండా అదే కోపం, అదే అబద్ధం, ఎవరికీ తెలియని అదే అలవాటు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ మోకాళ్ళు, మళ్ళీ అదే మాట. కొన్నాళ్ళకి ఆ మాట అనడానికే నోరు రాదు. ఇంకెన్నిసార్లు క్షమిస్తాడు అన్న అనుమానం లోపల తొలిచేస్తూ ఉంటుంది.

అక్కడికి చేరిన మనిషి ఎక్కువగా రెండు దారుల్లో ఒకటి పడతాడు. నాకసలు రక్షణే రాలేదు, నా విశ్వాసం ఉత్తిదే అనుకుని కుంగిపోవడం ఒకటి. మనుషులన్నాక ఇంతే, దేవుడు ఎలాగూ క్షమిస్తాడులే అని సర్దుకుపోవడం రెండోది. మొదటి దారిలో మనిషి నలిగిపోతాడు, రెండోదాంట్లో మొద్దుబారిపోతాడు. నేను రెండింటిలోనూ ఏళ్ళ తరబడి నడిచాను. అందుకే ఈ రెండూ ఒకే పొరపాటు నుంచి పుడతాయని ఇప్పుడు గట్టిగా అనగలను. క్షమాపణ, విడుదల అనేవి రెండు వేరు సంగతులు. వాటిని కలిపేసుకోవడం, పైగా అవి వచ్చే వరుసను తారుమారు చేసుకోవడం, ఇదే ఆ పొరపాటు.

పాపాలు వేరు, పాపం వేరు

తెలుగులో "పాపం" అన్న మాటతో మనం చాలా పనులు చేయించుకుంటాం. దెబ్బ తగిలినవాణ్ణి చూసి "అయ్యో పాపం" అంటాం. అన్యాయం చేసినవాణ్ణి "పాపం ఊరికే పోదు" అంటాం. పక్కన పుణ్యాన్ని పెట్టి ఒక ఖాతా కూడా నడుపుతాం. ఇటు ఇంత పాపం, అటు ఇంత పుణ్యం, చివరికి మిగిలిందెంత అని.

బైబిల్లోనూ ఈ లెక్క ఉంది. మత్తయి సువార్తలో యేసు నేర్పిన ప్రార్థన పాపాలను "ఋణములు" అనే పిలుస్తుంది. కానీ బైబిలు అక్కడితో ఆగదు. 51వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు మూడు మాటలు వాడతాడు: అతిక్రమం, దోషం, పాపం. హీబ్రూలో మొదటిది తిరుగుబాటు, రెండోది వంకర పోవడం, మూడోది గురి తప్పడం. తప్పుడు పని ఒక్కటే అయితే ఇన్ని మాటలు అక్కర్లేదు. పని వెనక వంకరపోయిన మనసు ఉంది, దాని వెనక దేవుణ్ణి కాదన్న తిరుగుబాటు ఉంది.

ఈ తేడాను అందరికంటే స్పష్టంగా విడదీసింది అపొస్తలుడైన పౌలు. రోములోని విశ్వాసులకు ఆయన రాసిన ఉత్తరం, రోమా పత్రిక, మొదటి అధ్యాయాల్లో ఎక్కువగా మనుషులు ఏం చేశారన్నదే విషయం. 5వ అధ్యాయం మధ్యకి వచ్చేసరికి మాట తీరు మారిపోతుంది. "పాపము" ఏకవచనంలోకి వచ్చి, ఒక మనిషిలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. అది ఏలుతుంది, ఆజ్ఞను అడ్డం పెట్టుకుని మోసం చేస్తుంది, చంపుతుంది, జీతం కూడా ఇస్తుంది. "పాపమువలన వచ్చు జీతము మరణము" (6:23) అన్న వాక్యం మనలో చాలామందికి కంఠతా వచ్చు. అక్కడ జీతానికి వాడిన గ్రీకు మాట సైనికుల జీతబత్తేలకు వాడేది. అంటే పాపం ఒక యజమాని, మనం దాని కొలువులో ఉన్నవాళ్ళం.

యేసు కూడా ఇదే అన్నాడు. యోహాను 8వ అధ్యాయంలో "సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయును" అనగానే వింటున్నవాళ్ళకి రోషం వచ్చింది. మేం అబ్రాహాము సంతానం, ఎప్పుడూ ఎవరికీ దాసులం కాలేదు అన్నారు. వాళ్ళ పూర్వీకులు ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలు. ఆ తర్వాత బబులోను చెర. ఆ మాట అంటున్న రోజుకి కూడా యెరూషలేములో రోమా సైనికులు తిరుగుతున్నారు. సంకెళ్ళు అలవాటైపోతే అవి ఉన్నాయన్న సంగతే గుర్తుండదేమో. యేసు చరిత్ర తవ్వలేదు. "పాపము చేయు ప్రతివాడును పాపమునకు దాసుడు" అని ఒక్క మాటతో అసలు యజమానిని చూపించాడు.

దీన్ని నేను ఇలా ఊహించుకుంటాను. అప్పు తీర్చలేక వడ్డీ వ్యాపారి ఇంట్లోనే వెట్టికి కుదిరిన మనిషి ఒకడున్నాడు. తెల్లవారుజామున యజమాని కేక వేస్తే లేవాలి, పరిగెత్తాలి. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి. ఒకరోజు ఎవరో వచ్చి అప్పంతా కట్టి, పత్రం చించేసి, వాణ్ణి తనతో తీసుకెళ్ళారు. మర్నాడు తెల్లవారుజామున వీధిలోంచి పాత యజమాని కేక వినిపించింది. వాడు అదాటున లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాకా పరిగెత్తాడు. అప్పు తీరిపోయింది, పత్రం చిరిగిపోయింది. ఆ సంగతి కాళ్ళకే ఇంకా తెలియదు.

గట్టిగా అనుకుంటే సరిపోదా?

సరిపోతుందని చాలాకాలం నమ్మాను. డైరీలో తారీఖులు వేసుకుని లెక్క రాసుకునేవాణ్ణి. ఇన్ని రోజులు కోప్పడలేదు, ఇన్ని రోజులు అబద్ధం చెప్పలేదు అని. ఆ లెక్క తెగిన రోజు వచ్చే నిరాశ అసలు తప్పుకంటే పెద్దదిగా ఉండేది.

రోమా 7వ అధ్యాయం ఈ అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాసింది. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను." పౌలు ఎంచుకున్న ఉదాహరణ కూడా గమనించాలి. పది ఆజ్ఞల్లో బయటికి కనిపించని ఒకే ఒక్క దాన్ని, "ఆశింపవద్దు" అన్నదాన్ని తీసుకున్నాడు. దొంగతనం మానడం చేతుల పని. ఆశించడం మానడం ఎవరి పని? వద్దన్న కొద్దీ మనసు అటే లాగుతుంది. ఆజ్ఞ మంచిదే, అది పట్టుకున్న జబ్బే చెడ్డది. మోషే ద్వారా వచ్చిన ఈ ఆజ్ఞల ధర్మశాస్త్రం స్కానింగ్ రిపోర్టు లాంటిది. గడ్డ ఎక్కడుందో ఖచ్చితంగా చూపిస్తుంది కానీ రిపోర్టును ఎన్నిసార్లు చదివినా గడ్డ కరగదు. గలతీ పత్రికలో ధర్మశాస్త్రాన్ని "బాలశిక్షకుడు" అన్నప్పుడు పౌలు మనసులో ఉన్నది పాఠం చెప్పే పంతులు కాదు. ఆ రోజుల్లో పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని పంతులు దగ్గరికి తీసుకెళ్ళే ఇంటి దాసుడు. అతని పని గుమ్మం దాకా.

రోమా 7లో ఆ "నేను" ఎవరన్న దాని మీద పెద్ద చర్చే ఉంది. క్రీస్తుని ఎరగక ముందు మనిషి స్థితి అని కొందరు, విశ్వాసి లోపలి పోరాటమే అని కొందరు. తొలి శతాబ్దాల బిషప్ అగస్టీను మొదటిది చెప్పి తర్వాత రెండోదానికి మారాడు, 16వ శతాబ్దపు సంఘ సంస్కర్తలు లూథరూ కాల్విన్ ఆయన వెంటే నడిచారు. నా దృష్టిలో దానికంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. 15 నుంచి 25 దాకా ఆ వచనాల నిండా "నేను, నేను" అనే ఉంటుంది, పరిశుద్ధాత్మ ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు. 8వ అధ్యాయంలోకి అడుగుపెట్టగానే "ఆత్మ" అన్న మాట వరసగా, సుమారు 20 సార్లు వస్తుంది. మధ్యలో ఉన్నది "నన్నెవడు విడిపించును?" అన్న కేక. ఎలా విడిపించుకోను అని అడగలేదు పౌలు, ఎవరు విడిపిస్తారు అని అడిగాడు. ఆ కేకకు జవాబు ఒక పద్ధతి రూపంలో రాలేదు. ఒక వ్యక్తి పేరుగా వచ్చింది.

సిలువ దగ్గర జరిగిన రెండు పనులు

కొలొస్సయి పత్రిక 2వ అధ్యాయం 14, 15 వచనాలను పక్కపక్కన చదవాలి. 14లో మన మీద ఉన్న ఋణపత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టేశాడని ఉంది. 15లో మన మీద పెత్తనం చేసిన శక్తులను నిరాయుధం చేశాడని ఉంది. అప్పు ఒక వచనంలో తీరింది, యజమాని పెత్తనం పక్క వచనంలో పోయింది. మనం 14 దగ్గరే ఆగిపోవడం వల్ల చాలా ఇబ్బంది వచ్చింది.

"విమోచన" అన్న మాట కూడా అంతే. కొత్త నిబంధన రాసిన రోజుల్లో అది వెల కట్టి బానిసలను, యుద్ధఖైదీలను విడిపించే వ్యవహారానికి వాడే మాట. ఆ వెల ఎవరికి చెల్లించారన్న ప్రశ్న తొలి శతాబ్దాల్లోనే వచ్చింది. సాతానుకు అన్నారు కొందరు. దొంగకు దేవుడు తన కుమారుణ్ణి మూల్యంగా ఇస్తాడా అని 4వ శతాబ్దంలో నజియాంజుకు చెందిన గ్రెగొరీ దాన్ని కొట్టిపారేశాడు. ఆయన మాటే నాకు సబబుగా అనిపిస్తుంది. ఈ పోలికను అంత దూరం లాగకూడదు. విడిపించడానికి ఎంతైందో చెప్పడమే దాని ఉద్దేశం.

రెండో సగాన్ని పౌలు చావు అనే పోలికతో చెబుతాడు. దాసుడు చనిపోతే యజమాని శవం మీద అధికారం చెలాయించలేడు. క్రీస్తుతో ఐక్యమైనవాడు ఆయన మరణంలో పాలుపంచుకున్నాడు కాబట్టి పాత యజమానికి వాడి మీద హక్కు లేదు. బాప్తిస్మంలో నీళ్ళలో మునగడం, లేవడం దానికి గుర్తు. దీన్ని ఒక భావోద్వేగంలా చూడకూడదు. బాప్తిస్మం రోజు ఒళ్ళు పులకరించినవాళ్ళూ ఉన్నారు, ఏమీ అనిపించనివాళ్ళూ ఉన్నారు. అప్పుపత్రం చిరిగిందా లేదా అన్నది అప్పున్నవాడి ఆనాటి మూడ్ మీద ఆధారపడదు.

వరుస తప్పితే అంతా తప్పుతుంది

సీనాయి కొండ దగ్గర ఇచ్చిన పది ఆజ్ఞలు "చేయకూడదు" అన్న మాటతో మొదలవ్వవు. దాసుల గృహమైన ఐగుప్తులోంచి నిన్ను రప్పించిన దేవుణ్ణి నేనే అన్న మాటతో మొదలవుతాయి. ఎర్ర సముద్రం దాటడం ముందు, ఆజ్ఞలు తర్వాత. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని ఐగుప్తులో ఎవరికీ చెప్పలేదు.

పన్ను వసూలుదారు జక్కయ్య కథ చూడండి. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇచ్చాకే ఆయన ఇంటికి యేసు వెళ్ళాడని కొందరు గుర్తుపెట్టుకుంటారు. లూకా 19లో ఉన్నది అలా కాదు. చెట్టు మీద ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి, నేడు నీ ఇంట ఉండాలి అన్నాడు. డబ్బు మాట ఆ తర్వాత జక్కయ్య నోటి నుంచి దానంతట అదే వచ్చింది.

ఇక యోహాను 8 మొదట్లో ఉన్న సన్నివేశం. అతి పాత రాతప్రతుల్లో ఈ భాగం లేదు, చాలా ముద్రణల్లో కుండలీకరణాల్లో పెడతారు. అయినా సంఘం దాన్ని గుండెకు హత్తుకునే ఉంది. తెల్లవారుజామున దేవాలయంలో యేసు కూర్చుని బోధిస్తున్నాడు. వ్యభిచారంలో పట్టుబడ్డ ఒక స్త్రీని లాక్కొచ్చి అందరి మధ్య నిలబెట్టారు. ఆమెతో ఉన్న మగవాడు ఎక్కడా కనిపించడు. యేసు వంగి వేలితో నేల మీద ఏదో రాశాడు. వాళ్ళు అడుగుతూనే ఉంటే తలెత్తి, మీలో పాపం లేనివాడు మొదటి రాయి వెయ్యమని అన్నాడు. మళ్ళీ వంగి రాస్తూ ఉండిపోయాడు. ఆ రెండోసారి వంగడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. వెళ్ళిపోతున్నవాళ్ళ ముఖాల్లోకి కూడా ఆయన చూడలేదు. పెద్దవాళ్ళతో మొదలై ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి ఆ స్త్రీ, ఆయన మాత్రమే మిగిలారు. అప్పుడన్నాడు: "నేనును నీకు శిక్ష విధింపను, నీవు వెళ్లి ఇక పాపము చేయకు."

ఆ రెండు ముక్కలను తిప్పి చదివి చూడండి. పాపం మానెయ్యి, అప్పుడు శిక్ష వెయ్యను. మాటలు దాదాపు అవే. కానీ అందులో సువార్త లేదు. మనలో చాలామంది రోజూ మోకాళ్ళ మీద వినేది మాత్రం ఈ తిప్పిన మాటే.

ఈ వరుస మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. శిక్ష తప్పించుకోవడానికి పోరాడేవాడు ఓడిన ప్రతిసారీ దాక్కుంటాడు, ఆదాము చెట్ల మధ్య దాక్కున్నట్టు. దాచిన చోటే పాపం బలుస్తుంది. శిక్ష ఇక లేదని తెలిసినవాడికి దాక్కోవాల్సిన అవసరం లేదు కాబట్టి పడ్డచోట నిలబడి, పడ్డానని చెప్పగలడు. రోమా 8 మొదటి వచనంలో "ఏ శిక్షావిధియు లేదు" అని చెప్పాకే ఆత్మ ప్రకారం నడవడం గురించిన మాటలన్నీ వస్తాయి.

అలాగైతే కృప విస్తరించేలా పాపంలోనే ఉండిపోదామా అన్న ప్రశ్న పౌలు కాలంలోనే వచ్చింది, రోమా 6 దానితోనే మొదలవుతుంది. పత్రం చించేశారు కదా అని మళ్ళీ ఆ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కేవాడు తనను విడిపించారన్న సంగతిని అర్థం చేసుకోనట్టే. జర్మనీలో డీట్రిచ్ బోన్‌హోఫర్ అనే పాస్టర్ 1937లో దీన్ని చౌకబారు కృప అన్నాడు: పశ్చాత్తాపం అడగని క్షమాపణ, సిలువ లేని కృప. ఆ మాట రాసినవాణ్ణి నాజీలు 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. కృప ఉచితమే, కానీ ఇచ్చినవాడికి అది ప్రాణమంత ఖరీదైంది.

మరి ఇంకా ఎందుకు పడుతున్నాం?

ఇక్కడ అగస్టీను సాయం తీసుకోవాలి. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టాడు. యవ్వనంలో ఆయన చేసిన ప్రార్థన ఒకటి చాలామందికి తెలుసు: నాకు పవిత్రత ఇవ్వు, కానీ ఇప్పుడే వద్దు. తెలివికి కొదవ లేదు, సత్యం ఏదో కూడా అర్థమైంది, అలవాటు మాత్రం గొలుసులా పట్టుకుని ఉంది. 386లో మిలాన్‌లో ఒక తోటలో ఏడుస్తూ కూర్చుని, పక్కింటి వైపు నుంచి ఒక పిల్ల గొంతు తీసుకుని చదువు అంటున్నట్టు వినిపిస్తే, రోమా పత్రిక తెరిచి 13వ అధ్యాయం చివరి వచనాలు చదివాడు. ఆ రోజుతో జీవితం తిరిగిపోయింది.

అయితే సుమారు పదేళ్ళ తర్వాత బిషప్‌గా తన కథ రాసుకున్నప్పుడు ఆయన అక్కడితో ఆపలేదు. ఇంకా కలల్లో పాత చిత్రాలు వస్తున్నాయని, పొగడ్త అంటే ఇంకా మోజు పోలేదని కూడా రాశాడు. మారుమనస్సు పొందిన మనిషి ఎలా ఉంటాడో చెప్పడానికి ఆ ఒప్పుకోలు నాకు తోటలో జరిగిన సంఘటనంత విలువైనది.

మనిషి స్థితులను ఆయన నాలుగుగా చెప్పాడు. సృష్టి మొదట్లో పాపం చేయకుండా ఉండటం మనిషికి సాధ్యం. పతనం తర్వాత పాపం చేయకుండా ఉండటం అసాధ్యం. క్రీస్తు కృప అందుకున్నవాడికి చేయకుండా ఉండటం మళ్ళీ సాధ్యమైంది, అయితే పడే ప్రమాదం పోలేదు. మహిమలో, అంటే పరలోకంలో, ఇక పాపం చేయడమే సాధ్యం కాదు. మన టెన్షన్ అంతా మూడో స్థితిలో ఉంటూ నాలుగోదాన్ని ఆశించడం వల్ల, పడగానే ఇంకా రెండోదాంట్లోనే ఉన్నామని భయపడటం వల్ల వస్తోంది. బలహీనత ఇంకా ఉండటం, పాత యజమాని ఇంకా ఏలుతూ ఉండటం ఒకటి కావు.

అరణ్యంలో ఇశ్రాయేలీయుల్నే చూడండి. సముద్రం దాటి వచ్చినవాళ్ళు సంఖ్యాకాండం 11లో, ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు గుర్తొస్తున్నాయని ఏడ్చారు. ఉచితంగానట! వెట్టి చాకిరీ, కొరడా దెబ్బలు, నదిలో పారేసిన పసిబిడ్డలు, ఇవేవీ గుర్తులేవు. పాపం మనకి గుర్తొచ్చేటప్పుడు ఎప్పుడూ రుచిగానే గుర్తొస్తుంది, దానికి కట్టిన వెల గుర్తురాదు. శోధన వచ్చినప్పుడు ఈ ఒక్క సంగతి తలుచుకోవడం నాకు చాలాసార్లు పనికొచ్చింది.

విడుదల ఎంత నిదానంగా లోపలికి దిగుతుందో చూడాలంటే "అమేజింగ్ గ్రేస్" పాట రాసిన ఇంగ్లీషు నావికుడు జాన్ న్యూటన్ జీవితం చదవాలి, చదివితే బాధ కలుగుతుంది. 1748 మార్చిలో అట్లాంటిక్ తుఫానులో ఓడ మునిగిపోబోతుంటే దేవుణ్ణి వేడుకున్నాడు, ఆ రోజును జీవితాంతం తన మార్పుకు మొదలుగా తలుచుకున్నాడు. దుర్భాషలు మానేశాడు, బైబిలు చదవడం మొదలుపెట్టాడు. కానీ 1750 నుంచి 1754 వరకు బానిసలను మోసే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. పైన నావికులతో ఆదివారం ప్రార్థనలు, కింద గొలుసుల్లో మనుషులు. సముద్రం వదిలింది కూడా మనస్సాక్షి గుచ్చడం వల్ల కాదు, జబ్బు చేయడం వల్ల. 1788లో, తుఫాను జరిగిన 40 ఏళ్ళకి, ఆ వ్యాపారం ఎంత ఘోరమో తన కళ్ళారా చూసిందంతా అచ్చు వేయించి, నా ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వచ్చిందని బహిరంగంగా తలదించుకున్నాడు. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించిన కొన్ని నెలలకే కన్నుమూశాడు. ఆ 40 ఏళ్ళలో గొలుసుల్లో పోయినవాళ్ళకి ఆయన ఆలస్యం ఏ లెక్కలోనూ సరిపోదు. పాపం నుంచి విడుదల పొందానని సాక్ష్యం చెప్పే ప్రతివాళ్ళం, ఇంకా నాకు కనబడని గొలుసు ఏది, దాని అవతలి కొసకు ఎవరు కట్టుబడి ఉన్నారు అని అడుక్కోవాల్సిందే.

ఈ మూడో స్థితిలో ఎంత దూరం వెళ్ళగలమన్న దాని మీద సంఘాల మధ్య తేడాలున్నాయి. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్నాడు లూథర్. దేవుని ప్రేమ మనసంతా నిండి, తెలిసి చేసే పాపం మీద ఈ బతుకులోనే గెలుపు దొరుకుతుందన్నాడు మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ. కతోలికులు గురువు దగ్గర పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకోవడానికి, పెద్ద చోటిస్తారు. తూర్పు ఆర్థడాక్స్ సంప్రదాయం పాపాన్ని జబ్బుగా, రక్షణను స్వస్థతగా చూస్తుంది. నేను లూథర్ వైపు మొగ్గుతాను గానీ ఆర్థడాక్స్ వారి ఆ జబ్బు పోలిక లేకపోతే నా సొంత కథ నాకే అర్థమయ్యేది కాదు.

రోజువారీ బతుకులో

రోమా 6లో పౌలు చెప్పే ఆచరణ రెండు మాటల్లో ఉంది: ఎంచుకొనుడి, అప్పగించుకొనుడి. మొదటిది గ్రీకులో లెక్కలు రాసేవాళ్ళ మాట, ఖాతాలో ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్కలోకి తీసుకోవడం. పాపం విషయంలో చచ్చిపోయానని మనసును నమ్మించుకోమని కాదు, క్రీస్తులో ఇప్పటికే జరిగిందాన్ని లెక్కలోకి తీసుకోమని. వీధిలోంచి కేక వినపడ్డప్పుడు మంచం మీదే కూర్చుని, నా యజమాని మారాడు అని చెప్పుకోవడం. రెండోది అంతకంటే ఒంటికి దగ్గరైనది. మీ అవయవాలను అప్పగించుకోండి అంటాడు. అంటే ఈ నాలుక, ఈ కళ్ళు, ఫోన్ పట్టుకున్న ఈ వేళ్ళు.

నా సంగతే చెబుతాను. ఒకసారి ఆఫీసు మీటింగులో నా తోటి ఉద్యోగి రాత్రుళ్ళు కూర్చుని చేసిన పనిని పై అధికారి నా పని అనుకుని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. నవ్వి "థాంక్యూ సార్" అన్నాను. ఆ రాత్రి దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, క్షమించాడని నమ్మాను కూడా. కానీ ఆ తర్వాత రెండు నెలలు కారిడార్లో ఆయన ఎదురైతే ఫోన్ చూసుకుంటూ పక్కకి తిరిగేవాణ్ణి. లంచ్‌కి వేరే టైములో వెళ్ళేవాణ్ణి. చేసిన పాపం చెబితే పోతుంది అని మన పెద్దలు ఊరికే అనలేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం కూడా మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అంటుంది, దాన్ని స్వస్థతతో ముడిపెడుతుంది. ఒక సాయంత్రం మెసేజ్ టైప్ చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైప్ చేశాను, "ఆ రోజు కొంచెం పొరపాటు జరిగింది" అని. చదువుకుంటే ఆ "కొంచెం", ఆ "జరిగింది" రెండూ అబద్ధాలే అనిపించాయి. మొత్తం చెరిపేసి ఫోన్ చేశాను. నేను చెప్పడం అయ్యాక అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. "తెలుసండీ" అన్నారు. "మీరే చెబుతారేమోనని చూస్తున్నాను."

మర్నాడు పై అధికారికీ చెప్పాను. ఆయన ముఖంలో నా మీద గౌరవం తగ్గడం కనిపించింది, అది తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది. కానీ ఆ మధ్యాహ్నం కారిడార్లో తల ఎత్తి నడిచాను. పొగడ్త మీద మోజు పోయిందా అంటే పోలేదు. ఆ తర్వాత కూడా ఒక మీటింగులో నోరు జారి, మధ్యలో ఆగి సరిదిద్దుకోవాల్సి వచ్చింది. తేడా ఏమిటంటే ఇదివరకు రెండు నెలలు పట్టింది, ఈసారి అర నిమిషం.

ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. మద్యం, మత్తుమందులు, జూదం లాంటివి వ్యసనంగా ముదిరితే అది మెదడునూ శరీరాన్నీ పట్టుకున్న జబ్బు కూడా. ప్రార్థనతో పాటు డాక్టరు, కౌన్సెలింగ్ అవసరం. నీకు విశ్వాసం తక్కువ అని అలాంటివారిని బెదిరించడం పాపం.

అపరాధభావం గురించి కూడా చాలామంది అయోమయపడతారు. దేవుని చిత్తానుసారమైన దుఃఖం రక్షణకు నడిపిస్తుందని, లోకసంబంధమైన దుఃఖం మరణానికి నడిపిస్తుందని పౌలు కొరింథీయులకు రాశాడు. యేసు శిష్యులైన యూదా, పేతురు ఇద్దరూ ఒకే రాత్రి ప్రభువుకు ద్రోహం చేశారు. యూదా ఆయన్ను వెండి నాణేలకు పట్టించాడు, పేతురు ఆయనెవరో ఎరగనని మూడుసార్లు అన్నాడు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా పశ్చాత్తాపపడి వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు కూడా. కానీ ఆ దుఃఖాన్ని తీసుకుని ఒంటరిగా వెళ్ళిపోయాడు. పేతురు మిగతా శిష్యుల మధ్యకి తిరిగొచ్చాడు. నన్ను ఇంకెవరి ముఖమూ చూడనివ్వని దుఃఖం పరిశుద్ధాత్మ నుంచి వచ్చింది కాదని గుర్తుపట్టడం నేను ఇక్కడే నేర్చుకున్నాను.

పేతురు ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో చలి కాచుకుంటూ నిలబడ్డ మంటను చెప్పడానికి యోహాను వాడిన గ్రీకు మాటకు బొగ్గుల నిప్పులు అని అర్థం. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట రెండే చోట్ల వస్తుంది. రెండోది 21వ అధ్యాయంలో, తిబెరియ సముద్రం ఒడ్డున. రాత్రంతా వల వేసి ఏమీ దొరకని శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికి అక్కడ నిప్పులున్నాయి, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. తిరిగి లేచిన ప్రభువు వాళ్ళ కోసం వండుతున్నాడు. ఆ నిప్పుల వాసన పేతురుకి ఏం గుర్తుచేసి ఉంటుంది! యేసు ఆ రాత్రి మాటే ఎత్తలేదు. ముందు "రండి, భోజనం చేయండి" అన్నాడు. తిన్నాకే, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ తన గొర్రెలను అప్పగించాడు.

ఆ పేతురు తర్వాత కూడా ఒకసారి తూలాడు. అంతియొకయ పట్టణంలో కొందరికి భయపడి, యూదులు కాని అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులతో కలిసి తినడం మానేశాడు. ముంగిట్లో పట్టుకున్న భయమే అది. పౌలు అందరి ముందూ ముఖం మీదే తప్పు పట్టాడు. అలా పడుతూ లేస్తూ నడిచిన మనిషే, ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు వణికిన ఆ మనిషే, నీరో చక్రవర్తి కాలంలో రోములో అదే ప్రభువు పేరు కోసం ప్రాణం ఇచ్చాడని తొలి సంఘం చెప్పుకుంటూ వచ్చింది.